నేనొకసారి మూయించిన బడి

మొన్న ఆదివారం పొద్దున మా తమ్ముడు ఊరి నుంచి బండి మీద వనపర్తికి వచ్చాడు. చేతిలో సంచి నిండా పచ్చి పల్లికాయ, సంచి అడుగున మడిచిన కాగితం. పల్లికాయ ముందు ఇచ్చి కాగితం ఆఖరున తీశాడంటేనే నాకు తెలిసిపోయింది, అది మంచి కాగితం కాదని. వాడు చిన్నప్పటి నుంచీ అంతే. ఏదన్నా పగలగొట్టిన రోజునే అమ్మకు నీళ్లు మోసిపెట్టేవాడు.

"జర సంతకం వెట్టక్కా. గీ మూలకు."

"ఏంది ఇది?"

"ఏం లేదు. మనూరి బడి మూస్తుండ్రు. ఇగ మళ్ల తెరువకుంట. ఐదుగురే పిల్లలున్నరు. జాగ అవ్వ నోటిమాట మీద ఇచ్చింది గదా, వారసులకు అభ్యంతరం లేదని రాసియ్యమంటుండ్రు. నేను వెట్టిన. నీది గూడ కావాల్నంట."

"బడి మూస్తే జాగ ఎవరికొస్తది?"

వాడు పల్లికాయ ఒలవడం మొదలుపెట్టాడు. రెండు గింజలు నోట్లో వేసుకుని, నమిలి, మింగి, అప్పుడు చెప్పాడు.

"మనకే వస్తది. ఇప్పుడది రోడ్డు పక్క జాగ అయిందక్కా. మూడు దుకాణాల షట్టర్లు వడ్తయి."

నేను పెట్టనన్నాను. వాడు వాదించలేదు. నాతో వాదించి ఎవరూ గెలవలేదని మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, తనకంటే గట్టిదాన్ని రంగంలోకి దించాడు. ఫోన్ చేసి మా మరదలికి ఇచ్చాడు.

"వదినె, నీకు బడి మీద గంత ప్రేమ ఉంటే మీ పిల్లలు యాడ సదివిండ్రు?" అన్నది మరదలు. "మా పిల్లలు అమరచింత బడికి వ్యాన్ల పోతే తప్పాయె. మీ పిల్లలు వనపర్తిల టై కట్టుకొని పోతే తప్పు గాకపాయె."

ఆ మాట నిజం. నా ఇద్దరు పిల్లలూ ఫీజులు కట్టే బడిలోనే చదివారు. ఇంటికొచ్చి పద్యం చెప్పమంటే ఇంగ్లీషులో చెయ్యి ఊపేవాళ్లు. ఈ బడి బతకాలని ఊరికి ఉపన్యాసం ఇచ్చే ముఖం నాకు లేదు. ఒప్పుకుంటాను. అయినా సంతకం పెట్టను. ఎందుకంటే ఈ బడిని ఇదివరకే ఒకసారి మూయించినదాన్ని నేను. మా తమ్ముడికి తెలియదు. అప్పటికి వాడు అమ్మ చంకలో ఉన్నాడు.

మా ఊరు ఆత్మకూరుకూ అమరచింతకూ నడుమ. అప్పట్లో రోడ్డు ఊరికి దూరంగా ఉండేది. మాకు రోడ్డంటే కూలీలను కూడగట్టే మేస్త్రీ లారీ వచ్చే దారి, అంతే. దసరా వెళ్లి, చేలల్లో పల్లికాయ పీకడం అయిపోయాక లారీ వచ్చేది. భూమి లేనివాళ్లు, భూమి ఉన్నా దాని మీద వాన పడనివాళ్లు, ఊరిలో సగం మంది అది ఎక్కి ఎక్కడెక్కడో కాలువలు తవ్వడానికి, కట్టలు పోయడానికి పోయేవాళ్లు. తిరిగి ఉగాదికి వచ్చేవాళ్లు. చంటిబిడ్డలను వెంట తీసుకుపోయి, కాస్త ఎదిగిన పిల్లలను ముసలివాళ్లకు అప్పజెప్పేవాళ్లు. ఇంట్లో ముసలివాళ్లు లేకపోతే పక్కింటి ముసలమ్మకు.

అప్పజెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. తల్లి చారెడు జొన్నలు తెచ్చి ముసలమ్మ కొంగులో పోసి, తర్వాత బిడ్డ చెయ్యి ఆమె చేతిలో పెట్టేది. ఆ జొన్నలు తిండికి కాదు. మాటకు. వాటిని ఉడకబెట్టరు, విసరరు. తల్లి తిరిగి వచ్చి బిడ్డను తీసుకున్ననాడు అవే జొన్నలు ఆమె కొంగులో తిరిగి పోయాలి. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గూట్లో వరుసగా చిన్న చిన్న మూటలు దాచేది. ఏ మూట ఏ బిడ్డదో ముట్టుకుని చెప్పేది. అట్లాంటి ముసలమ్మ మా ఊరిలో ఇంటికొకతె ఉండేది.

ఆ ఏడు అవ్వకు కొత్తగా వచ్చిన మూట నా జోడుది. జోడు అంటే బడిలో నాతో ఒకే గోనెసంచి మీద కూర్చునే పిల్ల. వాళ్ల అమ్మానాయన లారీ ఎక్కారు. అది మా ఇంట్లో నా పక్కనే పడుకునేది, నిద్రలో కాళ్లతో తన్నేది. లెక్కల్లో నాకంటే చురుకు. పందొమ్మిదో ఎక్కాన్ని కింది నుంచి పైకి కూడా చెప్పేది. సారు నన్ను లేపి అడిగితే, అది పెదవులు కదపకుండా జవాబు అందించేది. నేను నాల్గో తరగతి దాకా వచ్చానంటే సగం దాని పుణ్యమే.

బడి అంటే ఒకటే గది. మా అవ్వ కల్లం పక్కన, జొన్న పొట్టు పోసుకునే కొట్టం. పైన బండల కప్పు. సారు ఎవరింటి అరుగు మీదో పాఠం చెప్తుంటే పిల్లలు నడుమ నుంచి జారుకుంటున్నారని, "గోడలుంటే పారిపోరు" అని అవ్వ ఆ కొట్టం ఖాళీ చేసి ఇచ్చింది. ఎన్ని ఏండ్లు ఊడ్చినా పొట్టు వాసన పోలేదు. కూర్చుంటే తొడల కింద దురద. పన్నెండు గంటలకు గోధుమ రవ్వ ఉప్మా వండేవాళ్లు. డబ్బా నూనె కాగే వాసన వస్తే చాలు, పలక మీద ఏం రాస్తున్నామో మరిచిపోయేవాళ్లం. నా వంతులో సగం మూతలో పెట్టుకుని అవ్వకు తీసుకుపోయేదాన్ని. "గిది రవ్వనా, ఇసుకనా" అని తిట్టి, మూత నాకి ఇచ్చేది.

మా సారు ఆత్మకూరు మనిషి. సైకిల్ మీద వచ్చి వారమంతా ఊర్లోనే ఉండేవాడు. హాజరు పిలిచేటప్పుడు అప్పజెప్పే దిక్కు లేక తల్లుల వెంట లారీ ఎక్కిన ఒకరిద్దరి పేర్లు కూడా పిలిచేవాడు. మేమందరం కలిసి "వస్తడు సార్", "వస్తది సార్" అనేవాళ్లం. ఆయన ఎవరి పేరూ కొట్టేసేవాడు కాదు.

జొన్న కోతలు మొదలయ్యాయంటే బడి గుమ్మం ముందే కుప్ప పడేది. కల్లంలో అవ్వది రాజ్యం. చెప్పులతో అడుగు పెట్టొద్దు. ఈల వేయొద్దు. ధాన్యం కొలిచేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దు. మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అట్లా ఇరవై దాకా. ఇరవై కాగానే పక్కన ఒక రాయి పెట్టి మళ్లీ లాభం. అవ్వకు ఇరవై దాటి లెక్క లేదు, అవసరమూ పడలేదు. ఇంకొక పట్టింపు ఉండేది. ధాన్యాన్నయితే కొలుస్తారు గాని, ప్రాణమున్న వాటిని లెక్కపెట్టరు. కోడిపిల్లలను లెక్కపెట్టరు. మనుషుల పిల్లలను అసలే లెక్కపెట్టరు. లెక్కపెడితే ఒకటి తగ్గుతుందని భయం. "నీకు ఎంతమంది పిల్లలు" అని ఎవరన్నా అడిగితే అవ్వ "ఉన్నరు" అనేది. అంతకు మించి నోరు విప్పేది కాదు.

ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఒక సాయంత్రం సారు నన్ను పిలిచాడు. ఊరంతా వినబడే గొంతు నాదే కాబట్టి కబురు చెప్పే పని ఎప్పుడూ నాదే.

"రేపు ఆత్మకూరు నుంచి బడులు జూసే పెద్దసారు వస్తుండు తల్లీ. ఇంటింటికి పోయి చెప్పు. పిల్లలందరు తలకు నూనె వెట్టుకొని, మొకం కడుక్కొని బడికి రావాలె. మర్చిపోకు."

నేను మర్చిపోలేదు. కానీ వాగు ఒడ్డున రేగుపండ్లు ఎర్రబడి నాలుగు రోజులైంది. చిలుకలు సగం తినేశాయి. బడి ఒక్క రోజు లేకపోతే మిగిలిన సగం మావి. మొదటి ఇంటి ముందు నిలబడి సారు చెప్పిన మాట చెప్పి, దానికి ఒక తోక కలిపాను.

"పెద్దసారు పిల్లలను లెక్కవెట్టనీకి వస్తుండంట. ఒక్కొక్కళ్లను నిలవెట్టి, వేలు సూపి లెక్కవెడ్తడంట."

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన వచ్చేది నిజంగా అందుకే.

రొట్టెలు చేస్తున్న ముసలమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "వేలు సూపుతడా? ఎవరి పిల్లలకు? నా కోడలు నా కొంగుల జొన్నలు వోసి పోయింది. రేపు పిల్లకు ఏమన్న అయితే దానికి నేనేం జెప్పాలె?"

ప్రతి ఇంట్లో అదే మాట. తమ సొంత బిడ్డలైతే ఎవరన్నా తెగించేవాళ్లేమో. అప్పజెప్పిన బిడ్డలు. దీపాలు పెట్టే వేళకు ఊరిలోని ముసలమ్మలందరూ ఒక మాట మీదికి వచ్చేశారు. మా అవ్వ ఆ రోజు బిజినపల్లి దగ్గర ఏదో చావుకు పోయింది. ఉండి ఉంటే నా ఆట సాగేది కాదు.

తెల్లారి బడికి ఒక్క పిల్ల రాలేదు. కొందరిని ధాన్యం గుమ్మి వెనక కూర్చోబెట్టారు. కొందరిని జొన్న సొప్ప కుప్పల్లో దాచి చేతికి బెల్లంముక్క ఇచ్చారు. నేనూ నా జోడూ వాగు దగ్గర రేగుచెట్టు కింద ఉన్నాం. జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. పండ్లు ఒడిలో వేసుకుని, దొంగల్లాగా కల్లం గోడ వెనక్కి వచ్చి చూశాం. బడిలో సారు ఉన్నాడు, బోర్డు ఉంది, ఉప్మా గిన్నె ఉంది. చల్లగా ఉందని లోపలికొచ్చి పడుకున్న మేక ఒకటి ఉంది.

"మేకలకు చదువు చెబుతున్నారా?" అన్నాడు పెద్దసారు.

"ముప్పై రెండు మంది ఉన్నరు సార్" అన్నాడు మా సారు.

"ఎక్కడ?"

సారు బయటికి వచ్చి నాలుగు దిక్కులా చూశాడు. మేము నోరు మూసుకుని నవ్వాం. నా జోడు నవ్వాపుకోలేక రేగుపండు గింజతో సహా మింగేసింది.

వారం తిరక్కముందే కాగితం వచ్చింది. పిల్లలు లేని బడికి పంతులు ఎందుకని సారును వేరే ఊరికి వేశారు. గదికి తాళం పడింది. సారు ట్రంకు పెట్టె సైకిల్‌కు కట్టుకుంటూ నన్ను అడిగాడు.

"అందరికి చెప్పినవా తల్లీ?"

"చెప్పిన సార్."

"ఏమని చెప్పినవ్?"

"పెద్దసారు వస్తుండని."

ఆయన తల ఊపి, పెట్టెకు ఇంకో ముడి వేశాడు.

మొదటి నాలుగు రోజులు పండుగే. పొద్దున లేస్తే వాగు, మధ్యాహ్నం కాల్చిన పల్లికాయ, పొద్దుగూకితే దాగుడుమూతలు. ఐదో రోజు మేస్త్రీ మళ్లీ వచ్చాడు. పనిలో మనుషులు చాలడం లేదట. ఇంకా ఎవరన్నా ఉంటే తోలుకపోదామని వచ్చినవాడికి, రోడ్డు మీద గోలీలాడుతున్న పిల్లలు కనబడ్డారు. అంతకుముందు ప్రతి ఏడూ వచ్చాడు గాని, ఆ వేళకు పిల్లలు గోడల లోపల ఉండేవాళ్లు. వాడి కంటికి ఆనేవాళ్లు కాదు.

"బడి లేదంట గదా. ఊకె తిరిగి ఏం జేస్తరు? పెద్ద పిల్లలను తోలుండ్రి. చిన్న తట్టలే. అమ్మల దగ్గర ఉన్నట్టుంటది" అన్నాడు. వాడు చెడ్డవాడేం కాదు. అది ఇంకా కష్టం. చెడ్డవాడైతే ముసలమ్మలు చీపుర్లతో తరిమేవాళ్లు.

నలుగురు పిల్లలు తేలారు. అందులో నా జోడు ఒకతె. వాళ్లమ్మ మేస్త్రీతోనే కబురు పంపింది, బడి లేకపోతే పిల్లను పంపమని. బిడ్డను అడిగింది కన్నతల్లి. అవ్వ ఏమంటుంది? గూట్లోంచి మూట తీసి, తల్లికి ఇవ్వమని మేస్త్రీ చేతిలో పెట్టింది. నాలుగు రొట్టెలు, వెల్లుల్లి కారం గుడ్డలో కట్టి జోడుకు ఇచ్చింది. అది లారీ వెనక తలుపు పట్టుకుని ఎక్కి, పైనుంచి నాతో అంది.

"ఉగాదికొస్త. నా సంచి మీద ఎవ్వరిని కూసోనియ్యకు."

లారీ పోయింది. డీజిల్ వాసన చాలాసేపు పోలేదు.

ఆ సాయంత్రం అవ్వ రొట్టెలు కొడుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. రేగుపండ్ల సంగతి కూడా. అవ్వ తలెత్తలేదు. రొట్టె తిప్పింది, నీళ్లు అద్దింది, పెనం మీద వేసింది.

"లెక్కవెడ్తరని జెప్పినవా?"

"అవును."

"నిజమే జెప్పినవ్. నిజం జెప్పి మంది కొంప ముంచుడు నీకు గింతప్పుడే వచ్చింది. పెద్దయితే ఏమైతవో."

కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. తెల్లారి నన్ను ముందు పెట్టుకుని ఆత్మకూరుకు నడిచింది. పెద్దసారు వరండాలో కాగితాలు చూస్తున్నాడు.

"సారూ, మా బడి తెరువు."

"పిల్లలు లేరు కదమ్మా."

"ఉన్నరు."

"ఎంతమంది?"

"శాన మంది."

"శాన మంది అని రాయడానికి ఈ కాగితంలో గడి లేదమ్మా. సంఖ్య చెప్పు."

"పిల్లలను లెక్కవెట్టం సారూ."

"లెక్క లేకపోతే బడి లేదు."

ఆయనదీ తప్పని చెప్పలేను. అవ్వ ఆ వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. నేను ముంతలో నీళ్లిస్తే తాగలేదు. కాసేపటికి లేచి, కొంగు దులిపి అంది. "సోమవారం రా సారూ. నేను వెడ్త లెక్క. నా నోటితోని."

ఊరికి వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. నన్ను వెంట తిప్పింది. ప్రతి గుమ్మం ముందు ఒకటే మాట, "తగిలితే నాకు తగలనీ. లెక్కవెట్టిన నోరు నాది." కొందరు ఊ అన్నారు. వాగు వైపు ఉండే ముసలమ్మ మాత్రం గడప దాటి రాలేదు. ఆమె మనుమడు లారీ ఎక్కిన నలుగురిలో ఒకడు. ఇంకొకడు ఇంట్లో ఉన్నాడు.

"నీకేం తల్లీ, ఎంతైనా సెప్తవ్. నీ మనుమరాలు ఎన్నడన్న లారీ ఎక్కుతదా?"

మా అవ్వ మాటకు మాట తగిలించకుండా నిలబడింది నాకు తెలిసి ఆ ఒక్కసారే. మాకు పదెకరాల చెల్క భూమి ఉంది. నేను లారీ ఎక్కను. నా నోటి వల్ల ఎక్కింది వేరేవాళ్ల పిల్లలు. అవ్వ చివరికి, "నిజమే. ఎక్కదు. గందుకే నేను లెక్కవెడ్త" అన్నది. ముసలమ్మ ఇంట్లో ఉన్న మనుమడికి అంగీ తొడిగి పంపింది.

సోమవారం పెద్దసారు వచ్చాడు. కల్లంలోకి బూట్లతో రాబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన చుట్టూ చూసి, బూట్లు విప్పి, మేజోళ్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జొన్న నూగు గుచ్చుకుని కాలు పైకి పెట్టుకున్నాడు. పిల్లలు ఒక వరుసలో నిలబడ్డారు, తలకు నూనె, ముఖాలకు భయం. ముసలమ్మలు గోడ వెంబడి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని.

అవ్వ బడి గుమ్మంలో నిలబడి, మొదటి పిల్ల తల మీద చెయ్యి పెట్టింది.

"లాభం."

పెద్దసారు కలం ఆగింది. "ఒకటి అనాలమ్మా."

"మా కల్లంల ఒకటి అనరు. రాసుకో."

రాసుకున్నాడు. రెండు, మూడు, నాలుగు. లెక్కైన పిల్ల లెక్కైనట్టే లోపలికి దూరి తన సంచి మీద కూర్చుంటోంది. ఇరవై కాగానే అవ్వ వంగి గుమ్మం పక్కన ఒక రాయి పెట్టి మళ్లీ లాభం అంది. పెద్దసారు తికమకపడి, పిల్లలను మళ్లీ బయటికి పిలవమన్నాడు. "రాయి ఉంది గదా సారూ, కనవడ్తలేదా" అంది అవ్వ. రాయి మీద ఎనిమిది మంది. ఇరవై ఎనిమిది.

"మీ పంతులు ముప్పై రెండు అన్నాడే."

"నలుగురు పోయిండ్రు" అన్నది అవ్వ. "నీ తాళం జేయవట్టి పోయిండ్రు."

నేను ఆ వరుసలో ఆఖరుదాన్ని. లోపల కూర్చుని విన్నాను. అంత మంది ముందు నా పేరు చెప్పలేదు ఆమె. పక్కన ఖాళీ సంచి.

బడి తెరిచారు. సారు ట్రంకు పెట్టెతో తిరిగి వచ్చాడు. నా జోడు అన్న మాట ప్రకారం ఉగాదికి వచ్చింది. అరచేతులు గట్టిపడి ఉన్నాయి. బడికి మాత్రం రాలేదు. తట్ట మోయగలదని ఇంట్లో తెలిసిపోయాక ఇక ఎవరు పంపుతారు? మరుసటి దసరాకు వాళ్లమ్మ దాన్ని ఎవరికీ అప్పజెప్పలేదు, వెంటే తీసుకుపోయింది. నేను ఆత్మకూరు హైస్కూలుకు, అక్కడి నుంచి వనపర్తి కాలేజీకి పోయాను. వాదించడం నేర్చుకున్నాను, డిగ్రీ కూడా ఇచ్చారు.

తమ్ముడు కాగితంతో వచ్చిన నాలుగో రోజు బడి దగ్గర మీటింగు అన్నారు. పిలవకపోయినా పోయాను. ముందు నా జోడు ఇంటికి పోయాను. ఇప్పుడు అది అవ్వ. కొడుకూ కోడలూ హైదరాబాదులో ఎవరి మేడకో సెంట్రింగ్ కొడుతున్నారు. ఇద్దరు మనుమరాండ్లు దాని దగ్గర ఉన్నారు, మూడో తరగతి ఒకతె, ఒకటో తరగతి ఒకతె. ఆ ఐదుగురిలో ఇద్దరు వీళ్లే. వాకిట్లో పుంటికూర తెంపుతూ కూర్చుంది. పక్కన కూర్చుని, ఇన్నేండ్లు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట చెప్పేశాను. ఆ రోజు ఇంటింటికీ లెక్క అని చెప్పి భయపెట్టింది నేనేనని, అందుకే బడి మూతపడిందని, అందుకే నువ్వు లారీ ఎక్కావని.

అది కూర తెంపడం ఆపలేదు.

"నాకు తెల్వదనుకున్నవా? నీ ఎంబడే ఉంటి గదా. రేగువండ్లు నేను గూడ తింటి."

"నా వల్ల నీ చదువు పోయింది."

"పోయింది. అయితే ఏం జేద్దాం? ఇద్దరం కూసోని ఏడుద్దామా? గది నీ ముచ్చట, నీ కడుపుల మంట. నా మనుమరాలు మూడో తరగతి. దాని సంగతేంది జెప్పు."

నా నోరు మూయించిన మనుషులు ఇద్దరే. ఒకరు అవ్వ, ఇంకొకరు ఇది.

మీటింగుకు వచ్చిన అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. మూడు కిలోమీటర్ల దూరంలో పెద్ద బడి ఉందని, అక్కడ ఐదుగురు టీచర్లు ఉన్నారని, ఐదుగురు పిల్లలకు ఒక బడి నడపడం పిల్లలకే నష్టమని ఓపికగా చెప్పాడు. అవన్నీ నిజాలే. నిజాలతో ఏం చేయవచ్చో నాకు తెలుసు.

"మీరు ఎప్పుడు లెక్కవెట్టిండ్రు సార్?" అన్నాను.

"పోయిన నెల, మేడం."

"పోయిన నెల ఊర్ల ఎవరున్నరు? సగం ఇండ్లకు తాళాలున్నయి. ముసలోళ్లు లేని ఇండ్లల్ల పిల్లలను ఎంబడి తీస్కపోయిండ్రు. జూన్ల రాండ్రి. పదకొండు మంది ఉంటరు. మా ఊరి మనుషులు యాడికి పోతరో, ఎప్పుడొస్తరో తెల్వకుంట మా పిల్లలను ఎట్ల లెక్కవెడ్తరు?"

"అక్కా, జర మెల్లగ" అన్నాడు తమ్ముడు.

"నువ్వు షట్టర్ల లెక్క వెట్టుకోరా. పిల్లల లెక్క నేను మాట్లాడ్త."

మరదలు గోడ దగ్గర నుంచి, "మల్ల మీ పిల్లలు..." అని మొదలుపెట్టింది.

"నా పిల్లలు వ్యాన్ల పోయిండ్రు" అన్నాను. "వ్యాను ఉన్నోళ్లకు ఏ బడి మూసినా ఏం కాదు. నీకు గాదు, నాకు గాదు. వ్యాను లేని ఐదుగురున్నరు. ఈ బడి వాళ్లది. మనమెవ్వరం దాన్ని మూయనీకి?"

అప్పుడు నా జోడు లేచింది. దానికి మీటింగుల్లో మాట్లాడే అలవాటు లేదు. కొంగు సర్దుకుని, అధికారిని కాదు, నన్ను చూస్తూ మాట్లాడింది. "పొద్దుగాల ఏడు గొట్టంగ నేను కూలికి పోత. నా పిల్లలు గా లారీల రోడ్డు దాటి మూడు కిలోమీటర్లు పోవాలె. పెద్దది చిన్నదాని చెయ్యి వట్టుకుంటది. మల్ల పెద్దదాని చెయ్యి ఎవరు వట్టుకుంటరు? నాలుగు దినాలు పోతరు, ఐదో దినం ఇంట్ల ఉంటరు. ఇంట్ల ఉన్న పిల్ల మేస్త్రీకి కనవడ్తది. గంతే."

ఆ గదిలో ఉన్న ప్రతి మనిషికీ మేస్త్రీ అంటే ఏంటో తెలుసు. ఇప్పుడు లారీ కూడా అక్కర్లేదు, ఫోన్ చాలు.

అధికారి కాగితం నా ముందుకు జరిపాడు. నేను సంతకం పెట్టాల్సిన చోట, అభ్యంతరం ఉంది అని రాసి, దాని కింద సంతకం పెట్టాను.

"దీనివల్ల ఆలస్యం అవుతుంది తప్ప ఆగదు మేడం" అన్నాడు అతను, నిజంగానే బాధగా.

"ఎంత ఆలస్యమైతది?"

"చెప్పలేను. ఒక ఏడాది, రెండేళ్లు."

"రెండేండ్లయితే పెద్దపిల్ల ఐదో తరగతి దాటుతది. అప్పుడు ఇంకో కాగితం తీస్కరాండ్రి, దాని మీద గూడ గిదే రాస్త. చిన్నపిల్ల గూడ దాటుతది. నాకేం పనిలేదు సార్, బస్సెక్కి వస్తనే ఉంట."

తమ్ముడు నన్ను ఆత్మకూరు బస్టాండు దాకా బండి మీద దింపాడు. దారంతా వాడి వీపుకు ఆనాటి బడి సంగతంతా చెప్పాను, వాడు తల తిప్పలేదు. వాడి కోపం వాడిది, మూడు షట్టర్లు పోయాయి. బస్సు వచ్చేముందు మాత్రం అడిగాడు. "మరి ఆనాడు లెక్కవెట్టినంక అవ్వకు ఏం భయం కాలేదా అక్కా?"

అయింది. పెద్దసారు జీపు వెళ్లిపోగానే అవ్వ ఊరి ముసలమ్మలందరి ఇండ్ల నుంచి ఉప్పు, ఎండుమిరపకాయలు తెప్పించింది. కల్లం మధ్యలో నిప్పు చేసి, పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ మూడు చుట్లు తిప్పి నిప్పులో వేసింది. మిరపకాయలు కాలి ఘాటు వస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే ఉన్నట్టు. ఇరవై ఎనిమిది మందిమీ కండ్లు మండి, ముక్కులు కారి దగ్గాం. ఒకరు దగ్గిన కొద్దీ గోడ వెంబడి ముసలమ్మలు ఊపిరి వదులుతున్నారు. అందరికీ అయ్యాక అవ్వ ఇంకో నాలుగు పిడికిళ్లకు పైనే ఒడిలో మిగిల్చుకుని, నిప్పును చట్టిలో ఎత్తుకుని రోడ్డు దాకా పోయింది. లారీ పోయిన దిక్కుకు తిరిగి, గాలిలో మూడు చుట్లు తిప్పి, ముగ్గురు పిల్లలవి తానే వేసింది. నాలుగోది నా చేతిలో పెట్టింది. "నీ జోడుది నువ్వే తియ్యి."

తిప్పాను. వేశాను. మిరపకాయలు నల్లబడి ముడుచుకుపోయాయి. పొద్దు కుంకుతోంది, గాలి లేదు, పొగ తిన్నగా పైకి పోతోంది. ఘాటు రాలేదు. నేను ఊపిరి గట్టిగా పీల్చి చూశాను. రాలేదు. అవ్వ ముఖం చూసి భయమేసి, దొంగదగ్గు ఒకటి దగ్గాను.

అవ్వ నన్ను తిట్టలేదు. ఒడిలో ఇంకా ఉన్న మిరపకాయలు తీసి వేసింది. అవీ అయిపోతే నన్ను ఇంటికి పరుగెత్తించి, ఏడాదికని ఎండబెట్టిన బుట్ట తెప్పించింది. దోసిళ్లతో తీసి వేస్తూనే ఉంది, రోడ్డు వైపు చూస్తూ, పళ్లు బిగించి. ఆ పొద్దు మా ఊరంతా దగ్గింది.